సూపర్‌హీరో సిరీస్ కొత్త ఎపిసోడ్ సగం నచ్చింది, సగం నచ్చలేదు. లోపం ఎపిసోడ్‌దా, నాదా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. వారానికొకటి వచ్చే ఎనిమిది ఎపిసోడ్ల సీజన్‌లో ఆరోది చూశారు. పార్కింగ్ లాట్ ఫైట్ అదిరిపోయింది. హీరో రహస్యం చెల్లెలికి తెలిసిపోయే సీన్ గుండె పట్టేసింది. కానీ ముసుగు విలన్ ఎవరో బయటపడినప్పుడు 'ఓస్, ఇంతేనా' అనిపించింది. మధ్యలో పోలీసాఫీసర్ ట్రాక్ సాగదీశారు. చివర టెర్రస్ సీన్ చీకట్లో సగం కనపడనే లేదు. ఎపిసోడ్ బాగోలేదా, మీరే ఎక్కువ ఊహించుకున్నారా, మిగతా రెండూ చూడాలా అని మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, లోపం మీది కాదు. ఒకే ఎపిసోడ్ గురించి రెండు అభిప్రాయాలు కలగడం గందరగోళం కూడా కాదు. ఇలాంటి సిరీస్‌లో ప్రతి ఎపిసోడూ రెండు పనులు చేయాలి: ఆ వారం కథ చెప్పాలి, సీజన్ కథని ముందుకు జరపాలి. మీకు నచ్చిన రెండు సీన్లూ మొదటి పనిలోవి. నచ్చనివి (చీకటి సంగతి పక్కన పెడితే) రెండో పనిలోవి. అంటే ఈ ఎపిసోడ్ తన కథ బాగానే చెప్పి, సీజన్ బరువు మోసే దగ్గర తడబడింది. కాబట్టి ఇప్పుడే తీర్పు ఇవ్వకండి, ఏడోది మొదటి పావుగంటైనా చూడండి. ఆ పావుగంటలో ఏం చూడాలో చివర రాశాను. ఈలోగా ఎపిసోడ్‌ని దేనితో తూచాలో తెలిస్తే మీ సందేహం చాలావరకు తీరుతుంది. మన ఊహలతోనో కామిక్స్‌తోనో తూచకూడదు. ఎపిసోడ్ తానుగా ఏ మాట ఇచ్చింది, దాన్ని నిలబెట్టుకుందా అన్నదే చూడాలి.

ఆరో ఎపిసోడ్‌కే ఎందుకిలా

ఎనిమిదింటిలో ఆరోది అంటే క్లైమాక్స్‌కి సరుకు సర్దే చోటు. ఎవరు ఎక్కడ ఉండాలి, ఎవరికి ఏం తెలిసి ఉండాలి, ఏ వస్తువు ఎవరి చేతికి రావాలి, ఇవన్నీ ఇక్కడే అమర్చాలి. అందుకే మనుషులు తమకు పని ఉండి కాక, కథకి పని ఉండి కదులుతున్నట్టు అనిపిస్తుంది. దీనికి డబ్బు లెక్క కూడా తోడవుతుంది. గ్రాఫిక్స్ ఖర్చులో పెద్ద వాటా సాధారణంగా మొదటి ఎపిసోడ్‌కీ చివరిదానికీ పోతుంది. మధ్యవాటికి మిగిలేది అప్పటికే వేసి ఉన్న సెట్లు, ఇద్దరు ముగ్గురు మనుషులు, మాటలు. అలా ఒకే సెట్‌లో నడిచే ఎపిసోడ్లలో అద్భుతమైనవీ ఉన్నాయి. కాకపోతే అక్కడ భారమంతా రాతదే. అది కాస్త పలచబడినా వెంటనే తెలిసిపోతుంది.

ఇంకో మార్పు చాలామంది గమనించరు. అమెరికా ప్రసార ఛానళ్లలో గంట స్లాట్‌కి కథ 42 నిమిషాలు, అటూ ఇటూగా. మిగతాదంతా ప్రకటనలు. ఆ 42 నిమిషాలని ఓ చిన్న ప్రారంభ సీన్, తర్వాత నాలుగైదు అంకాలుగా విడగొట్టి రాసేవారు. ప్రకటనల తర్వాత ప్రేక్షకుడు తిరిగి రావాలి కాబట్టి ప్రతి అంకం చివరా ఓ మెలిక తప్పనిసరి. స్ట్రీమింగ్‌లో ఆ అవసరం పోయింది. నిడివి 35 నిమిషాలైనా 60 నిమిషాలైనా అడిగేవాళ్లు లేరు. స్వేచ్ఛ మంచిదే, కానీ ఎనిమిది తొమ్మిది నిమిషాలకోసారి కథని మలుపు తిప్పాలన్న ఒత్తిడి కూడా దాంతోపాటే పోయింది. మధ్యలో ల్యాగ్ అని మనం అనేది చాలాసార్లు ఈ ఖాళీయే.

సీజన్ లెక్క తప్పితే ఏమవుతుందో చూడాలంటే 2016లో వచ్చిన 'ల్యూక్ కేజ్' మొదటి సీజన్ చూడండి. మొత్తం 13 ఎపిసోడ్లు. మహెర్షలా అలీ వేసిన విలన్ కాటన్‌మౌత్ పాత్ర ఏడో ఎపిసోడ్‌లో చనిపోతుంది. నిజానికి ఆ చావు సీన్ చాలా బాగా పండింది. ఇబ్బందల్లా తర్వాతే మొదలైంది. తర్వాతి విలన్ డైమండ్‌బ్యాక్ పేరు ముందునుంచీ వినిపిస్తున్నా, మనిషిగా అతన్ని మనకి పరిచయం చేసి, భయపెట్టి, చివరి పోరుదాకా తీసుకెళ్లాల్సింది మిగిలిన ఆ కాస్త చోటులోనే. ఏడు ఎపిసోడ్లు పెంచిన విలన్ బరువు అలా ఒక్కసారిగా రాదు. రెండో సగం జారిపోయిందని అప్పట్లో చాలామంది అన్నది ఇందుకే. ఒక మంచి ఎపిసోడే సీజన్‌కి నష్టం చేయగలదు. మీ ఆరో ఎపిసోడ్‌లో దీనికి తిరగబడ్డ పరిస్థితి ఉండొచ్చు: ఎపిసోడ్‌గా కుంటినా, తర్వాతివాటికి దారి వేసి ఉండొచ్చు.

విలన్ ముసుగు తీస్తే ఎందుకు తేలిపోయింది

మూడో వారంలోనే ఫ్యాన్స్ ఊహించేశారు కాబట్టి తేలిపోయిందని రాశారు. నేను ఒప్పుకోను. ముందే ఊహించిన రహస్యం కూడా పండుతుంది. ఎవరు అన్నది తెలిసినా, తెలిశాక ఏం జరుగుతుంది అన్నది మిగిలే ఉంటుంది కాబట్టి. ముసుగు తీసే సీన్‌ని రెండు ప్రశ్నలతో పరీక్షించండి. ఈ నిజం తెలిసిన మరుక్షణం నుంచి హీరో చేయబోయే పని మారిందా? పాత ఎపిసోడ్లలో కనీసం రెండు మూడు సీన్లకి కొత్త అర్థం వచ్చిందా? రెండింటికీ కాదు అన్నదే జవాబైతే అక్కడ జరిగింది ఒక పేరు చెప్పడం మాత్రమే. ఎంత సంగీతం పోసినా అది ట్విస్ట్ కాదు.

రెండూ కుదిరిన చోటు 'ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్' మొదటి సీజన్. 2013 సెప్టెంబరులో మొదలైంది. నెలల తరబడి 'కథ నడవట్లేదు' అన్న ఫిర్యాదే. 2014 ఏప్రిల్ 4న అమెరికాలో 'కెప్టెన్ అమెరికా: ది వింటర్ సోల్జర్' విడుదలైంది. సిరీస్ జట్టు పనిచేసే షీల్డ్ అనే గూఢచారి సంస్థ లోపలే శత్రువులు పాతుకుపోయారన్న నిజం ఆ సినిమాలో బయటపడుతుంది. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 8న, సిరీస్ 17వ ఎపిసోడ్ వచ్చింది. సొంత జట్టులోని వార్డ్ ద్రోహి అని చివర తేలింది. సినిమా వచ్చేదాకా నోరు విప్పే వీలు లేకనే అన్ని ఎపిసోడ్లు నెమ్మదిగా నడిచాయని అప్పుడు అర్థమైంది. అంతకన్నా ముఖ్యం, వార్డ్ అంతకుముందు జట్టుని కాపాడిన ప్రతి సీనూ వేరేలా కనిపించడం మొదలైంది. ఆ నిజం జట్టుకి తెలిశాక ఎవరూ ఎవరితోనూ మునుపటిలా మాట్లాడలేకపోయారు.

ఇక ఫ్యాన్స్ ఊహల వైపు నుంచి దెబ్బ తిన్నది 2021లో వచ్చిన 'వాండావిజన్'. తొమ్మిది ఎపిసోడ్లు. ఐదో ఎపిసోడ్ చివర వాండా అన్న పియట్రోగా తలుపు దగ్గర నిలబడింది ఇవాన్ పీటర్స్. ఎక్స్‌మెన్ సినిమాల్లో క్విక్‌సిల్వర్ వేసింది ఆయనే. అంతే, రెండు సినీ ప్రపంచాలు కలవబోతున్నాయని వారాల తరబడి సిద్ధాంతాలు నడిచాయి. చివరి ఎపిసోడ్‌లో చూస్తే అతను మంత్రగత్తె అగాథా వశంలో ఉన్న రాల్ఫ్ బోనర్ అనే మామూలు ఊరివాడు. 'మేం ఎప్పుడూ అలా చెప్పలేదే' అని సిరీస్ వైపు నుంచి వాదించొచ్చు. కానీ ఏ నటుడైనా చేయగల పాత్రకి ఏరి కోరి ఆయన్నే తెచ్చి నిలబెట్టడం కూడా మాట ఇచ్చినట్టే. అక్కడ ప్రేక్షకుల అసంతృప్తి న్యాయమైనదే. మీ సిరీస్‌లో మీరు నిరాశపడ్డ ఊహకి తెర మీద ఇలాంటి ఆధారం ఏదైనా ఉందా, లేక చర్చల్లో పుట్టి పెరిగిందా అన్నది విడదీసుకోండి. ఆధారం ఉంటే తప్పు సిరీస్‌ది. లేకపోతే మీరు చూడాలనుకున్న కథ వేరు, వాళ్లు చెప్పిన కథ వేరు.

వారానికొకటి వచ్చే పద్ధతిలో ఈ సమస్య పెద్దదవుతుంది. మధ్యలో ఏడు రోజులు ఊహించడానికే ఉంటాయి. 'ది బాయ్స్' 2019లో మొదటి సీజన్ ఎనిమిదీ ఒకేసారి ఇచ్చి, 2020లో రెండో సీజన్‌ని మూడు ఎపిసోడ్లతో మొదలుపెట్టి తర్వాత వారానికొకటి చేసింది. ఆ పద్ధతి మీద కోపంతోనే చాలామంది తక్కువ రేటింగులు ఇచ్చారు. అందులో కథ తప్పేం లేదు.

ఇంకో చిన్న విషయం, చాలా పనికొచ్చేది. రహస్యాన్ని చాలాసార్లు ముందే లీక్ చేసేది ఎపిసోడ్ మొదట్లో వచ్చే 'ఇంతవరకు జరిగిన కథ' ముక్కే. ఆ రోజు ఎపిసోడ్‌కి ఏ పాత సంగతులు గుర్తుండాలో అవే ఏరి అతికిస్తారు. మూడు ఎపిసోడ్లుగా కనపడని మొహం అందులో రెండు సెకన్లు మెరిసిందంటే ఇవాళ అతనికి పని ఉన్నట్టే. మొదటి టైటిల్స్‌లో అతిథి నటుల పేర్లూ అంతే. ట్విస్టులంటే ఇష్టమున్నవారు ఆ రెండూ దాటేసి చూడటం మేలు.

ఫైట్ ఎందుకు నచ్చింది

మంచి ఫైట్‌కి మూడు కావాలి: చోటు అర్థమవ్వాలి, హీరోకి కొట్టడం కాక వేరే పని ఉండాలి, దెబ్బకి ఖరీదు ఉండాలి. ఆ పార్కింగ్ లాట్ సీన్‌ని ఓసారి శబ్దం ఆపేసి చూడండి. సంగీతం, దెబ్బల చప్పుడు తీసేస్తే షాట్ల మధ్య కట్ల బండారం బయటపడుతుంది. బయటికి వెళ్లే దారి ఎటు, ఎంతమంది మిగిలారు, హీరో ఏ మూల ఉన్నాడు, ఈ మూడూ ఏ క్షణంలో ఆపినా చెప్పగలిగితే ఫైట్ బాగా తీసినట్టు. ఒక్క గుద్దుకి మూడు కట్లు పడుతూ దెబ్బ తగిలే క్షణం ఎప్పుడూ కట్‌లోనే పోతుంటే, రిహార్సల్‌కి సమయం చాలక ఎడిటింగ్‌లో కప్పిపుచ్చారని అనుమానించొచ్చు.

2015లో వచ్చిన 'డేర్‌డెవిల్' రెండో ఎపిసోడ్ చివరి కారిడార్ ఫైట్‌ని ఇప్పటికీ అందరూ తలుచుకునేది ఇందుకే. కట్ లేనట్టే సాగే ఒకే షాట్. కెమెరా కారిడార్ దాటదు. హీరో పక్క గదుల్లోకి దూసుకెళ్తే లోపల జరిగేది మనకి వినిపిస్తుందే తప్ప కనిపించదు. ఇలా మనిషి కెమెరా నుంచి తప్పుకునే క్షణాలుంటే నటుడి చోట స్టంట్‌మ్యాన్‌ని మార్చడం సులువు, ముసుగు ఉంటే ఇంకా సులువు. అయితే ఆ ఫైట్ పండింది కెమెరా పనితనం వల్ల మాత్రమే కాదు. హీరో అప్పటికే ఒళ్లంతా గాయాలతో ఉన్నాడు. నాలుగు దెబ్బలు కొట్టి గోడకి ఆనుకుని ఆయాసపడతాడు. పడ్డవాళ్లు మళ్లీ లేస్తారు. కారిడార్ చివర గదిలో ఎత్తుకొచ్చిన పిల్లాడు ఉన్నాడు, వాణ్ని తీసుకుని బయటపడటమే పని. మీకు నచ్చిన ఫైట్‌లో కూడా ఇలాంటి పని ఒకటి ఉండే ఉంటుంది, వెతకండి.

ఇక్కడే జాగ్రత్త. ఫైట్ విలువ తర్వాతి సీన్‌లో తేలుతుంది. చేయి విరిగినవాడు పది నిమిషాల తర్వాత అదే చేత్తో తలుపు బద్దలు కొడితే, ఫైట్‌లో పెట్టిన ఖరీదు మొత్తం వెనక్కి తీసుకున్నట్టే.

శక్తుల సంగతీ ఇంతే. శక్తి ఎంత పెద్దదైతే దానికి హద్దు అంత స్పష్టంగా ఉండాలి. 2014 నుంచి 2023 దాకా తొమ్మిది సీజన్లు నడిచిన 'ది ఫ్లాష్'నే తీసుకోండి. కన్ను మూసి తెరిచేలోపు నగరం చుట్టి రాగలవాడిని మామూలు దొంగ ఎలా ఆపగలడు? అందుకే మొదటి మూడు సీజన్లలోనూ ప్రధాన విలన్లు అతనిలాగే వేగగాళ్లు: రివర్స్ ఫ్లాష్, జూమ్, సావిటార్. ఒకే మందు మూడుసార్లు వాడాక నాలుగో సీజన్‌లో వేగం కాక తెలివే ఆయుధమైన థింకర్‌ని తెచ్చారు. మధ్యలో వారం వారం వచ్చే చిన్న విలన్ల ముందు హీరో కారణం లేకుండా ఆగి, మాట్లాడి, దెబ్బ తినే సీన్ల మీదే ఎక్కువ ఫిర్యాదులు. మీ సిరీస్‌లో హీరో ఏదైనా సీన్‌లో తన శక్తి మరిచిపోయినట్టు ప్రవర్తిస్తే దాన్ని కచ్చితంగా లోపంగానే రాసుకోండి.

పోలీసాఫీసర్ ట్రాక్: నిజంగా సాగిందా, తప్పు చోట పెట్టారా

ఇది రెండోసారి చూస్తేనే తేలుతుంది. కాగితం పెన్ను పెట్టుకుని ప్రతి సీన్‌కీ నాలుగు ముక్కలు రాయండి: సమయం, ఎవరు, ఏం కావాలని వచ్చారు, సీన్ మొదట్లో ఉన్న పరిస్థితి చివరికి మారిందా. గంట ఎపిసోడ్‌లో అటూ ఇటూగా 25 నుంచి 35 సీన్లుంటాయి, కాబట్టి మరీ పెద్ద పనేం కాదు. మీ నోట్సు ఇలా ఉంటే చాలు:

14:20 నుంచి 17:05. ఆఫీసర్, రికార్డు గది. పాత కేసు ఫైల్ కావాలి. మొదట: హీరో మీద అనుమానం. చివర: హీరో మీద అనుమానం.

22:10 నుంచి 25:40. చెల్లెలు, వంటగది. అన్న చేతికి కట్టు కట్టాలి. మొదట: బైక్ మీంచి పడ్డాడనుకుంటోంది. చివర: అన్నీ తెలిసి, బైక్ తాళం తీసి తన జేబులో వేసుకుంది.

మొదటి సీన్ చచ్చిన సీన్. మూడు నిమిషాలు గడిచినా ఏదీ మారలేదు. రెండోదాంట్లో ఒక్క తాళంతో ఆ ఇద్దరి మధ్య సంబంధమే మారిపోయింది. నా లెక్కలో గంట ఎపిసోడ్‌లో చచ్చిన సీన్లు మూడు నాలుగు దాకా క్షమించొచ్చు. అవి వరసగా పడితే మాత్రం సాగదీత నిజమే. ఆఫీసర్ సీన్లలో ప్రతిసారీ ఏదో ఒకటి మారుతూనే ఉండి, అయినా మీకు విసుగొచ్చిందంటే తప్పు రాతది కాదు, కూర్పుది. చెల్లెలి సీన్ ఇంకో అర నిమిషంలో పండుతుందనగా ఆఫీసర్ దగ్గరికి కట్ చేస్తే, ఎంత మంచి ఆఫీసర్ సీనైనా అడ్డంగానే తోస్తుంది.

ఈ పరీక్ష చెడిపోయేది ముఖ్యంగా వేగం పెంచి చూసినప్పుడు. ఒకటిన్నర రెట్లలో మౌనాలు మాయమవుతాయి, నటన సగం పోతుంది, అప్పుడు చచ్చిన సీనూ బతికిన సీనూ ఒకేలా ఉంటాయి. అలాగే ఇతరుల సమీక్షలు చదివి రెండోసారి కూర్చుంటే వాళ్ల ఫిర్యాదులే మీకు కనిపిస్తాయి. ముందు మీ నోట్సు పూర్తి చేయండి.

పనిలో పనిగా టైటిల్స్‌లో రచయితల పేర్లు చూడండి. అమెరికన్ సిరీస్‌లలో రెండు పేర్ల మధ్య యాంపర్‌సాండ్ (&) గుర్తు ఉంటే ఇద్దరూ జంటగా రాసినట్టు. 'అండ్' అని అక్షరాల్లో ఉంటే విడివిడిగా పనిచేసినట్టు, తరచు ఒకరు రాసినదాన్ని ఇంకొకరు తిరగరాసినట్టు. అక్కడి రచయితల సంఘం నియమం ఇది. ఎపిసోడ్‌లో రెండు గొంతులు వినిపిస్తున్నాయనిపించినప్పుడు ఈ ఒక్క పదం కొన్నిసార్లు కారణం చెప్పేస్తుంది. అలాగని ప్రతిసారీ తిరగరాతే చెడగొట్టిందనుకోకండి, చాలా ఎపిసోడ్లని నిలబెట్టేది అదే.

చీకటి టెర్రస్ సీన్

దీనికి ఎపిసోడ్‌ని తిట్టేముందు టీవీ చూడండి. సెట్టింగ్స్‌లో విద్యుత్ ఆదా మోడ్ ఉంటే తీసేయండి, గదిలో వెలుతురుని బట్టి కాంతి దానంతటదే మారే ఆప్షన్ కూడా. పిక్చర్ మోడ్ 'ఫిల్మ్‌మేకర్' లేదా 'సినిమా' పెట్టండి. మోషన్ స్మూతింగ్ ఆపేయండి. ఈ సిరీస్‌లు మామూలుగా సెకనుకి 24 ఫ్రేముల లెక్కన తీస్తారు, టీవీ మధ్యలో తనంతట ఫ్రేములు కల్పిస్తే ఫైట్లు నాసిగా, నాటకంలా కనిపిస్తాయి. నెట్ వేగం తగ్గి బిట్‌రేట్ (సెకనుకి అందే వీడియో సమాచారం) పడిపోతే మొదట పాడయ్యేవి చీకటి సీన్లే: నలుపంతా గళ్లు గళ్లుగా విడిపోతుంది. లైట్లు ఆర్పి, కిటికీ తెర వేసి, ఆ సీన్ మళ్లీ చూడండి. అప్పటికీ ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలియకపోతే లోపం ఛాయాగ్రహణానిదే. మూడ్ కోసం చీకటి పెట్టడం వేరు, మొహం మీద పడాల్సిన చిన్న వెలుగు కూడా లేకపోవడం వేరు.

ఏడో ఎపిసోడ్ మొదటి పావుగంటలో ఏం చూడాలి

మొదటిది, విలన్ ఎవరో తెలిశాక హీరో ముందు అనుకున్న పథకాన్ని మార్చుకున్నాడా. రెండోది, పార్కింగ్ లాట్ గాయం ఇంకా ఉందా. కట్టు కనపడటం చాలదు, దాని వల్ల ఏదైనా ఒక పని చేయలేకపోవాలి. మూడోది, ఆఫీసర్ సంపాదించిన ఆ ఫైల్ ఎవరి చేతికైనా వెళ్లి ఎవరినైనా కదిలించిందా. మూడింటిలో రెండు జరిగితే ఆరో ఎపిసోడ్ పని చేసినట్టే, నిశ్చింతగా చివరిదాకా వెళ్లండి. ఒక్కటే జరిగితే అది ఏదన్నది ముఖ్యం. విలన్ వల్ల పథకం మారడం అయితే ఇంకా ఆశ ఉంది, గాయం ఒక్కటే మిగిలితే ఫైట్ మాస్టర్ తప్ప మిగతావాళ్లు శ్రద్ధ పెట్టలేదని అర్థం. ఒక్కటీ జరగకపోతే చెల్లెలి సీన్లు మాత్రం చూసుకుని మిగతావి వదిలేసినా మీరు పోగొట్టుకునేది పెద్దగా ఉండదు. మీరు రాసినదాన్ని బట్టి ఈ సిరీస్‌లో రచయితలు మనసు పెట్టి రాస్తున్నది ఆ అన్నాచెల్లెళ్లనే.